ఇంటి మీద సూర్యవిద్యుత్తు – అమ్మినవాడి అండ

(ఉగాది ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

పదిహేను రోజుల క్రిందట మన సంఘం కార్యదర్శిగారు మా పార్సెలు ఆఫీసుకు వచ్చి, ఈసారి ఉగాది సభలో నేను కూడా ఏదైనా మాట్లాడాలన్నారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆపి, రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. సాహిత్యము గురించి చెప్పడానికి ఈ వేదిక మీద నాకంటె అర్హులు ఉన్నారు. ఆ మాటే అంటే ఆయన నవ్వి, "మీ డాబా మీద సోలారు సంగతి చెప్పండి చాలు. మనవాళ్లలో పదిమంది ఇప్పుడు ఆ ఆలోచనలోనే ఉన్నారు" అన్నారు. ఆ విద్య నేను డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నదే. అందుచేత ఒప్పుకొన్నాను.

సోలారు పలకలు ఎలా పనిచేస్తాయో చెప్పడానికి ఇంజనీర్లు ఉన్నారు. ఏ కంపెనీ పలక మంచిదో చెప్పడం నా పని కాదు. నేను చెప్పదలచినది ఒకటే. అమ్మినవాడు రేపు మన ఇంటికి వస్తాడా రాడా అన్నది ఈ రోజే, డబ్బు చేతులు మారక ముందే, ఎలా తెలుసుకోవాలి? ఇది నేను తెలుసుకోకుండా కొన్నాను. మీరు తెలుసుకొని కొనాలని ఈ నాలుగు మాటలు.

మన తాత ముత్తాతలు శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతాల నుంచి రైలు పనికి ఈ ఖుర్దారోడ్డుకు వచ్చారు. చాలామందిమి మొదట క్వార్టర్లలోనే పుట్టి పెరిగాము. మా నాన్నగారు కీమ్యానుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన డబ్బులో సగము పెట్టి జట్నీలో మూడు గదుల డాబా ఇల్లు కట్టారు. మిగిలిన సగము బ్యాంకులో వేసి, "ఇది కదిలించకండిరా" అన్నారు.

2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీ దగ్గర తీరము దాటిన సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. పూరీకి మనకు రైలు దారిన నలభై నాలుగు కిలోమీటర్లు. ఆ గాలి ఎలా వీచిందో ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మా వీధిలో కరెంటు స్తంభాలు అరటిచెట్ల వలె పడిపోయాయి. మా ఇంటికి పదకొండు రోజులు కరెంటు లేదు. మంచినీళ్ల మోటారు లేదు. మే నెల ఎండ. మా అమ్మకు ఆస్తమా. రాత్రిళ్లు నాన్నగారు విసనకర్ర పట్టుకుని ఆమె మంచం ప్రక్కన కూర్చునేవారు. అప్పుడే ఆయన అన్నారు: "మన డాబా మీద ఇంత ఎండ వృథాగా పోతోంది కదా, దానితో ఒక్క ఫాను తిరగకూడదా?"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. 2022 మొదట్లో విచారించాను. మూడు కిలోవాట్ల సామాను మా ఇంటికి సరిపోతుందన్నారు. లెక్క సులువు. ఒక కిలోవాటుకు రోజుకు సరాసరి నాలుగు యూనిట్లు. మూడు కిలోవాట్లకు పన్నెండు. వానాకాలంలో తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది. ఒక కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు నూరు చదరపు అడుగులు కావాలి. మా డాబాకు ఆ చోటు ఉంది.

ఇద్దరు డీలర్లు ధరలు చెప్పారు. వారిద్దరి మధ్య తేడా పద్దెనిమిది వేలు. ఎక్కువ చెప్పినాయన నెమ్మదస్తుడు. మా డాబా ఎక్కి, ప్రక్కింటి వేపచెట్టు నీడ సాయంత్రము ఎంతవరకు వస్తుందో చూసి, "ఈ మూల రెండు పలకలు తగ్గించుకోండి, లేదా చెట్టు కొమ్మ కొట్టించుకోండి" అన్నాడు. తక్కువ చెప్పినాయన డాబా ఎక్కనే లేదు. కుర్చీలో కూర్చుని టీ త్రాగుతూ, "అంతా మేము చూసుకుంటాము సార్, పాతికేళ్ల గ్యారంటీ" అన్నాడు. "తుపాను వచ్చి కరెంటు పోతే?" అని నాన్నగారు అడిగారు. "ఊరంతా చీకటైనా మీ ఇల్లు వెలుగుతుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాన్నగారు బ్యాంకులోని డబ్బు కదిలించారు. పద్దెనిమిది వేలు మిగిలాయని నేనూ సంతోషించాను.

తొమ్మిది పలకలు బిగించారు. మీటరు మార్చారు. బిల్లు బాగా తగ్గింది. వీధిలోవాళ్లు వచ్చి చూసి పోయేవారు. ఇంతవరకు అంతా తియ్యగానే ఉంది. ఉగాది పచ్చడిలో చేదు మొదటి రోజునే నాలుకకు తగులుతుంది. ఇటువంటి బేరాలలో అది ఏడాది ఆగి తగులుతుంది.

మొదటి చేదు ఆ వేసవిలోనే తగిలింది. ఒకనాటి రాత్రి గాలివానకు కరెంటు పోయింది. తెల్లవారి ఎండ కాసింది, పలకలు తళతళలాడుతున్నాయి, ఇంట్లో మాత్రము ఒక్క దీపము వెలగలేదు. స్తంభము బాగుచేయడానికి వచ్చిన లైనుమ్యాను నాన్నగారికి చెప్పాడు: "బాబుగారూ, మీది బ్యాటరీ లేని సామాను. ఊరి కరెంటు ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఊరి కరెంటు పోతే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే మీ ఇంటి కరెంటు తీగలలోకి ఎదురు వచ్చి, స్తంభము మీద ఉన్న నేను చస్తాను." అది లోపము కాదు, ప్రాణరక్షణ కోసము పెట్టిన ఏర్పాటు. కరెంటు లేనప్పుడు కూడా వెలగాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు వేరే కావాలి; దాని ఖర్చు వేరు. ఇది చెప్పవలసినవాడు అమ్మినవాడు. చెప్పినవాడు లైనుమ్యాను.

రెండవ చేదు 2023 జూలైలో. నాన్నగారు కీమ్యానుగా ఉన్నప్పటి అలవాటు కొద్దీ, రోజూ సాయంత్రము ఇన్వర్టరు మీద కనిపించే యూనిట్ల లెక్క ఒక నోటుపుస్తకంలో వ్రాసేవారు. వానలు పట్టిన రెండవ వారంలో పన్నెండు తొమ్మిదైంది, తొమ్మిది నాలుగైంది. మబ్బు వల్ల అనుకున్నాము. తరువాత ఉదయము పూట ఎర్రదీపము వెలగడము మొదలుపెట్టింది. మధ్యాహ్నము ఎండ కాస్తే దానంతట అదే పచ్చగా మారేది. గట్టిగా వానపడ్డ రోజున పూర్తిగా సున్న.

డీలరుకు ఫోను చేశాను. మొదటి వారము "రేపు వస్తాము" అన్నాడు. రెండవ వారము "కుర్రాణ్ణి పంపాను, దారిలో ఉన్నాడు" అన్నాడు. ఆ దారి ఎంత పొడవైనదో నాకు ఇప్పటికీ తెలియదు. మూడవ వారము నుంచి ఫోను మ్రోగి మ్రోగి ఆగిపోయేది. ఇన్వర్టరు తయారుచేసిన కంపెనీ నంబరుకు చేస్తే, "ఇది ఇన్వర్టరు లోపము కాదు, వైరింగు లోపము, బిగించినవారిని అడగండి" అన్నారు. పలకల కంపెనీవారు, "పలక పగిలితే, పని చేయకపోతే మాది, తీగలు మావి కావు" అన్నారు. ఇద్దరూ అబద్ధము చెప్పలేదు. మధ్యలో ఉన్న తీగ మాత్రము ఎవరిదీ కాకుండా పోయింది.

ఇంకొక కష్టము ఉంది. నేను డ్యూటీలో ఉంటాను. పగలు ఇంట్లో ఉండేది నాన్నగారు. ఆయన కంపెనీ నంబరుకు చేస్తే, ఒక యంత్రము హిందీలోను ఇంగ్లీషులోను ఏ అంకె నొక్కాలో చెబుతుంది. ఆయనకు తెలుగు వచ్చు, ఒరియా తెలుగువలెనే వచ్చు. ఆ రెండు భాషలూ యంత్రానికి రావు. మనబోటి కుటుంబాలలో ఇది చిన్న విషయము కాదు. ఫోను చేయవలసిన సమయంలో ఇంట్లో ఉండేది ఎవరో, వారి మాట అర్థమయ్యేవాడు అవతల ఉన్నాడో లేడో మనము ముందుగా ఆలోచించము.

ఆగస్టు నెలలో ఒకనాడు, నాకు చెప్పకుండా, వాన కాస్త తెరిపి ఇవ్వగానే నాన్నగారు డాబా ఎక్కారు. తీగ ఎక్కడైనా ఊడిందేమో చూద్దామని. డాబా మీద పాచి. పలకల దగ్గరకు చేరక ముందే కాలు జారి పడ్డారు. కుడిచేతి మణికట్టు విరిగింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొదట అన్న మాట, "పద్దెనిమిది వేలు మిగిలాయన్నావు కదరా" అని కాదు. ఆ మాట అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "ఇవాళ్టి లెక్క నువ్వే వ్రాయి" అన్నారు.

చివరకు సెప్టెంబరు నెలాఖరులో, స్నేహితుని ద్వారా భువనేశ్వరము నుంచి ఒక మెకానిక్కును పిలిపించాను. అరగంటలో పట్టుకున్నాడు. పలకలను కలిపే తీగల జాయింటు ఒకటి డాబా నేల మీద, నీరు నిలిచే చోట పడి ఉంది. తడిసినప్పుడల్లా కరెంటు నేలలోకి కారుతోంది. అది గ్రహించి ఇన్వర్టరు ఆగిపోతోంది. ఎండితే మళ్లీ పనిచేస్తోంది. జాయింటు మార్చి, తీగను ఫ్రేముకు ఎత్తికట్టాడు. రాకపోకలతో కలిపి పన్నెండు వందలు పుచ్చుకున్నాడు. పన్నెండు వందల పనికి నేను రెండు నెలలకు పైగా తిరిగాను.

వెళ్లేముందు అతడు చెప్పిన మాట మీకందరికీ చెప్పాలి. "పెద్దాయన ఇక్కడికి రాకముందే జారిపడటము మీ అదృష్టము. ఎండ ఉన్నంతసేపు ఈ తీగలలో మూడు వందల ఓల్టులకు పైగా ఉంటుంది. ఇంట్లో మెయిను ఆపినా పలకల వైపు ఆగదు. తడి చేత్తో ఈ జాయింటు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను." ఆనాటి నుంచి, అమ్మినవాడు రాకపోవడము కేవలము డబ్బు నష్టమని నేను అనుకోవడము లేదు. మెకానిక్కు రాని ఇంట్లో ముసలివాళ్లు డాబా ఎక్కుతారు.

నేను ఎవరినీ నిందించడానికి రాలేదు. అందుకే ఏ పేరూ చెప్పలేదు. తప్పులో నా వాటా కూడా ఉంది. పార్సెలు ఆఫీసులో పనిచేసేవాణ్ణి నేను. పెట్టె పగిలి వస్తే, విడిపించుకునేటప్పుడే తూకము వేయించి రిమార్కు వ్రాయించుకోండి, గేటు దాటాక మేము ఏమీ చేయలేము అని రోజూ పదిమందికి చెబుతాను. నా సొంత సామానుకు మాత్రము ఆ పని చేయలేదు. నా దగ్గర ఉన్నది మొత్తము సొమ్ము వేసిన ఒక రసీదు, "పాతికేళ్లు" అన్న నోటిమాట.

ఇప్పుడు మీలో చాలామంది కొనబోతున్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము వారు ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకము ప్రారంభించారు. దాని క్రింద ఒక కిలోవాటుకు ముప్పై వేలు, రెండింటికి అరవై వేలు, మూడు లేక అంతకు మించిన వాటికి డెబ్బై ఎనిమిది వేలు రాయితీ నిర్ణయించారు. సామాను బిగించి, తనిఖీ అయిన పిమ్మట ఆ సొమ్ము నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. పథకములో నమోదైన డీలరు వద్దనే కొనాలి. పలకలు, వాటిలోని సెల్లులు మన దేశంలో తయారైనవై ఉండాలి. ఆ డీలరు కనీసము ఐదేళ్లు మరమ్మతు బాధ్యత వహించాలనే నిబంధన కూడా ఉంది. రాయితీ మంచిదే. అయితే రాయితీ రాగానే ఊరికి పదిమంది డీలర్లు తయారవుతారు. నమోదైనంత మాత్రాన పిలిస్తే పలుకుతారని కాదు. నిబంధన కాగితము మీద ఉంటుంది. మన ఇంటి మెట్లు ఎక్కవలసినది మనిషి. అమ్మేవాడి నోరు కాదు, బాగుచేసేవాడి కాళ్లు చూడాలి. ఎలా చూడాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటిది. అతని అమ్మకానికి అడ్డము వచ్చే ప్రశ్న ఒకటి అడగండి. "ఊరి కరెంటు పోతే వెలుగుతుందా?" అని అడగండి. "బ్యాటరీ లేకపోతే వెలగదండి" అన్నవాడు నమ్మదగినవాడు. "ఈ చెట్టు నీడ పరవాలేదా?" అనండి. డాబా ఎక్కి చూసి తల అడ్డంగా ఊపినవాడు మనవాడు. అమ్మకముందు చేదు నిజము చెప్పగలిగినవాడు అమ్మిన తరువాత ఫోను ఎత్తుతాడు. బేరము పోతుందని భయపడి అబద్ధమాడినవాడు, ఆ అబద్ధము బయటపడ్డాక మీ ఎదుటికి ఏ ముఖము పెట్టుకుని వస్తాడు?

రెండవది. అతడు బిగించిన పాత ఇళ్లు చూడండి. క్రిందటి నెల బిగించినది చూపిస్తే వద్దనండి. కొత్త సామాను అందరిదీ మెరుస్తుంది. కనీసము రెండు వానాకాలాలు దాటిన ఇల్లు కావాలనండి. పది పేర్లు ఇమ్మని, వాటిలో రెండు మీరే ఏరుకోండి. ఆ ఇంటికి వెళ్లి "బాగా పనిచేస్తోందా?" అని అడగవద్దు, బాగుందనే చెబుతారు. "ఎప్పుడైనా చెడిందా? ఎన్ని రోజులకు వచ్చారు? ఎంత పుచ్చుకున్నారు?" అని అడగండి. ఒక్కసారీ చెడలేదన్న ఇంటికంటె, చెడితే నాలుగు రోజులలో బాగుచేశారన్న ఇల్లు మీకు ఎక్కువ సంగతి చెబుతుంది.

మా బావగారు పలాసలో ఉంటారు. ఆయన కొనేటప్పుడు ఇలాగే మూడు ఇళ్లు తిరిగారు. నలుగురూ నవ్వారు, పెళ్లిసంబంధము విచారిస్తున్నాడా ఏమిటని. ఆయన మాత్రము, "పెళ్లికొడుకైతే పండుగకైనా వస్తాడు, వీడు వస్తాడో రాడో చూడొద్దా?" అన్నారు. కొన్న రెండేళ్లకు ఒక కోతి రాయి విసిరి పలక పగలగొట్టింది. డీలరు మనిషి మూడవ రోజున వచ్చాడు. "ఇది గ్యారంటీలోకి రాదండి, కొత్త పలకకు ఇంత అవుతుంది, అంతవరకు దీన్ని విడదీసి మిగతావి నడిపిస్తాను" అన్నాడు. ఉచితంగా చేయలేదు. కాని వచ్చాడు, నిజము చెప్పాడు, నష్టము పెరగకుండా చూశాడు. అండ అంటే ఇదే. అన్నీ ఉచితంగా చేస్తానన్నవాణ్ణి నేను ఇప్పుడు నమ్మను.

మూడవది, మనవాళ్లకు మరీ ముఖ్యమైనది. డబ్బు ఇవ్వకముందే మరమ్మతుల నంబరుకు ఫోను చేయించండి. అమ్మేవాడి సొంత నంబరుకు కాదు. చెడితే ఏ నంబరుకు చేయమంటారో దానికి. మీరు చేయవద్దు. పగలు ఇంట్లో ఉండే అమ్మగారి చేతనో, నాన్నగారి చేతనో, మీ ఇంటావిడ చేతనో చేయించండి. వారికి వచ్చిన భాషలో మాట్లాడనివ్వండి. ఒకసారి పనివేళలో, ఒకసారి వానపడే సాయంత్రము. అవతల ఎవరైనా ఎత్తారా? మాట అర్థము చేసుకున్నారా? ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తామన్నారా? దీనికి ఖర్చు రెండు ఫోనులు. నేను ఆ రెండు ఫోనులు చేయించి ఉంటే నాన్నగారి చెయ్యి బాగుండేది.

నాలుగవది. మెకానిక్కు ఎక్కడ ఉంటాడో అడగండి. సొంత మనిషా, ఎప్పటికప్పుడు కూలికి పిలిచే మనిషా? కటకములో ఉంటాడా, ఖుర్దాలో ఉంటాడా? ఇన్వర్టరు కంపెనీకి పంపవలసివస్తే, అది తిరిగి వచ్చేవరకు బదులు ఇన్వర్టరు ఇస్తారా? "చూద్దాము" అంటే లేదని అర్థము.

ఐదవది కాగితము. గ్యారంటీ అనేది ఒకటి కాదు, మూడు. పలకలు ఇంత కరెంటు ఇస్తాయని సాధారణంగా పాతికేళ్లకు వ్రాస్తారు. పలక తయారీ లోపానికి వేరే గడువు, పది పన్నెండేళ్లు ఉంటుంది. ఇన్వర్టరుకు ఐదు మొదలు పదేళ్లు. ఇవి రెండూ తయారుచేసిన కంపెనీలవి. మూడవది తీగలు, ఫ్రేము, బిగింపు, అది డీలరుది. నోటితో "పాతికేళ్లు" అన్నప్పుడు మొదటి దానిని చూపించి మూడింటినీ కప్పేస్తారు. మా ఇంట్లో ముందుగా చెడినది మూడవదే. కాబట్టి తీగలు, జాయింట్లు, ఫ్రేము ఎన్నేళ్లు, ఫిర్యాదు చేసిన ఎన్ని రోజులకు వస్తారు, ఏవి ఉచితము, వేటికి డబ్బు – ఇవన్నీ వ్రాయించి సంతకము తీసుకోండి. ప్రతి పలక నంబరు, ఇన్వర్టరు నంబరు బిల్లులో ఎక్కించండి. డీలరు దుకాణము మూసినా, నంబరు మన దగ్గర ఉంటే కంపెనీని అడగవచ్చు. ఇన్వర్టరు లెక్క ఫోనులో చూసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ ఖాతా మన పేరున, మన నంబరు మీద ఉండాలి. చాలాచోట్ల డీలరు తన పేరున పెట్టుకుంటాడు. అతడు మాయమైతే లెక్కా మాయమవుతుంది.

ఆరవది. మొత్తము సొమ్ము ముందే ఇవ్వవద్దు. మీటరు మారి, సామాను నడిచి, కాగితాలు అన్నీ చేతికి వచ్చేదాకా చివరి వాయిదా ఆపుతానని మొదటే చెప్పండి. నిజాయితీపరుడు ఒప్పుకుంటాడు.

ఇంత చేసినా ఎవడైనా మొండికేస్తే దారి లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మనము నివసించే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. డీలరు ఉన్న ఊరికి వెళ్లనక్కర లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. రెండేళ్ల లోపల చేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. అయితే అక్కడ కూడా మొదట అడిగేది కాగితమే. ఫోనులో ఎన్నిసార్లు అరిచామన్నది లెక్కలోకి రాదు. తేదీ వేసి వ్రాసిన ఉత్తరము, సందేశము లెక్కలోకి వస్తాయి.

డీలర్ల పక్షము కూడా ఒక మాట చెప్పాలి. పోటీలో ధరలు కోసి కోసి, మరమ్మతుకు మనిషిని పెట్టుకునే పాటి లాభము మనము మిగల్చము. నాకు మిగిలిన పద్దెనిమిది వేలు ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. అది మెకానిక్కు జీతము. దానిని నేను ముందే కోసుకుని, తరువాత మెకానిక్కు రాలేదని ఏడ్చాను. అలాగని ఎక్కువ ధర చెప్పినవాడల్లా వస్తాడని కాదు; పరీక్షించి, వచ్చేవాడని తేలితే, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

మన బాధ్యత కూడా ఉంది. పలకల మీద దుమ్ము, కాకిరెట్టలు పడితే కరెంటు తగ్గుతుంది. ఉదయముగాని సాయంత్రముగాని, పలకలు చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో కడగాలి, మిట్టమధ్యాహ్నము కాదు. పలకల మీద ఎక్కకూడదు. తీగలు, జాయింట్లు ముట్టుకోకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియను కదా అని ఇన్వర్టరు విప్పిస్తే గ్యారంటీ పోతుంది. రోజూ లెక్క వ్రాయాలి. ఆ నోటుపుస్తకము లేకపోతే మా లోపము ఇంకెన్ని వారాలకు తెలిసేదో.

సోదరులారా, మన సంఘానికి నాదొక మనవి. సామాను ఎవరి ఇంటికి వారు కొనుక్కుంటాము. విచారణ మాత్రము కలిసి చేయవచ్చు. సంఘము గదిలో ఒక పుస్తకము పెడదాము. సోలారు పెట్టించుకున్న ప్రతి కుటుంబమూ ఏ తేదీన చెడింది, ఏ తేదీన ఫోను చేశారు, ఏ తేదీన వచ్చారు అన్న మూడు తేదీలు అందులో వ్రాయాలి. తిట్లు వద్దు, పొగడ్తలు వద్దు, తేదీలు చాలు. రెండేళ్లు గడిచేసరికి, కొత్తగా కొనేవారు ఏ డీలరు మాటా వినకుండానే, ఆ పుస్తకము చూసి నిర్ణయించుకోగలుగుతారు. పదిమందిమి ఒకే పుస్తకంలో వ్రాస్తున్నామని తెలిస్తే డీలర్లు కూడా ఫోను ఎత్తుతారు. ఒంటరి గుమాస్తా ఫోనుకు ఉన్న విలువ వేరు, సంఘము పుస్తకానికి ఉన్న విలువ వేరు. పరాయి భాషల మధ్య మనము ఇన్నాళ్లు నిలబడ్డది ఒకరికొకరము చెప్పుకోవడము వల్లనే కదా.

మొదటి పేజీలో నా తేదీలు నేను వ్రాస్తాను.

ఇక మా ఇంటి సంగతి. సామాను ఇప్పుడు బాగా నడుస్తోంది. ఆ భువనేశ్వరపు మెకానిక్కుతోనే ఏడాదికి ఇంతని ఒప్పందము వ్రాసుకున్నాము. క్రిందటేడు చిన్న బ్యాటరీ పెట్టించి, దానికి తగిన ఇన్వర్టరు కూడా మార్పించాము. ఊరి కరెంటు పోయినా అమ్మ గదిలో ఒక ఫాను, ఒక దీపము నడుస్తాయి. నాన్నగారు ఫణి నాడు కోరినది అంతే. ఆయన మణికట్టు అతుకుకుంది గాని పూర్తిగా తిరగదు. సీసా మూత తీయాలంటే ఇప్పటికీ నన్ను పిలుస్తారు. నోటుపుస్తకము మాత్రము మళ్లీ ఆయనే వ్రాస్తున్నారు. నిన్నటి సాయంత్రము అంకె పదమూడు.

 కొత్త సంవత్సరంలో మీ ఇళ్ల మీద ఎండ బాగా కాయాలని, పిలిచినవాడు పలకాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.